మన కంప్యూటర్లు మొద్దువి కావు

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని వార్డెన్ గారు అడిగితే పాత విద్యార్థులం నలుగురం కూర్చుని చాలాసేపు ఆలోచించాం. నీళ్ల చారు గురించీ, ట్రంకు పెట్టెల తాళాలు పగిలిన కథల గురించీ ప్రతి ఏడూ ఎవరో ఒకరు రాస్తూనే ఉన్నారు. ఈసారి వాటిని పక్కనబెట్టి హాస్టల్ కంప్యూటర్ గది గురించి మా అభిప్రాయం చెబుతున్నాం. ఇది కొందరు పెద్దలకు నచ్చకపోవచ్చు. అయినా మన సంచికలో మనం మాట్లాడుకోకపోతే ఇంకెక్కడ మాట్లాడుకుంటాం?

గత ఏడాది పూర్వ విద్యార్థుల సమావేశంలో ఒక తీర్మానం పెట్టారు. గదిలో ఉన్న 8 కంప్యూటర్లూ పనికిరావనీ, వాటిని కండెమ్ చేసి, మనం చందాలు వేసుకున్న డబ్బుతో 2 కొత్తవి కొనాలనీ. చాలామంది చప్పట్లు కొట్టారు. ఆ కోపం వెనక కారణం ఉంది. స్కాలర్‌షిప్ రెన్యూవల్ చివరి రోజు సాయంత్రం డిగ్రీ రెండో సంవత్సరం తమ్ముడొకడు దరఖాస్తు నింపుతుండగా కంప్యూటర్ బిగుసుకుపోయింది. మౌస్ కదలదు, పేజీ కదలదు. రీస్టార్ట్ చేసి మళ్లీ మొదలుపెట్టేసరికి ఓటీపీ గడువు దాటింది. ఊళ్లోని ఇంటర్నెట్ సెంటర్‌కు పరుగెత్తితే షట్టర్ దించి ఉంది. ఆ ఏడు వాడి ఫీజు తలా కొంత వేసుకుని కట్టాం. వాడు మాత్రం ఇప్పటికీ ఆ గదిలోకి అడుగు పెట్టడు.

కోపం న్యాయమే. కానీ తొంభై మంది పిల్లలకు 8 కంప్యూటర్లు తీసేసి 2 ఇస్తే వచ్చే ఏడాది చివరి రోజున క్యూ ఎక్కడిదాకా ఉంటుంది? అదీగాక, ఆ కంప్యూటర్ ఎందుకు బిగుసుకుపోయిందో ఆ సమావేశంలో ఒక్కరూ అడగలేదు. 'స్లో' అన్నారు, 'పాతది' అన్నారు, తీర్పు అయిపోయింది. ఈ తీర్పు మాకు కొత్త కాదు. మేం కాలేజీలో చేరిన మొదటి ఏడాది 'హాస్టల్ వాళ్లు కొంచెం స్లో' అని ఒక లెక్చరర్ గారు క్లాసులోనే అన్నారు. రాత్రి కరెంటు ఉండేది కాదనీ, ఒక్క ఫిజిక్స్ పుస్తకాన్ని నలుగురం వంతులవారీగా చదివేవాళ్లమనీ ఆయన అడగనూ లేదు, మేం చెప్పనూ లేదు. అందుకేనేమో, చూడకుండా మొద్దు అనే మాట కంప్యూటర్‌ను అన్నా మాకు పడదు. ఒక్క నెల గడువు ఇమ్మని అడిగి తీర్మానాన్ని ఆపించాం.

మాలో ఇద్దరు సర్వర్లు కాపలా కాసే ఉద్యోగాల్లో ఉన్నారు. ఎక్కడో ఉన్న యంత్రానికి మౌస్ ఉండదు, బొమ్మలు ఉండవు. నల్ల తెర, తెల్ల అక్షరాలు, అంతే. అక్కడ ఏదైనా నెమ్మదిస్తే మొదట కొట్టే కమాండ్లలో ఒకటి వీఎంస్టాట్. వర్చువల్ మెమరీ స్టాటిస్టిక్స్ అనే మాటకు పొట్టిపేరు. మన గదిలోని కంప్యూటర్లలో ఉన్నది లైనక్సే కాబట్టి ఆ కమాండ్ వాటిలో ముందునుంచీ ఉంది. ఎవరూ పిలవలేదు కాబట్టి పలకలేదు.

ముందు వర్చువల్ మెమరీ అంటే ఏమిటో హాస్టల్ భాషలో చెప్పుకుందాం. స్టడీ అవర్‌లో మీ ముందున్న డెస్కు ర్యామ్. మంచం కింది ట్రంకు పెట్టె హార్డ్ డిస్కులోని స్వాప్. డెస్కు మీద చోటు చాలకపోతే ఇప్పుడు అక్కరలేని పుస్తకాన్ని పెట్టెలో పెట్టి వస్తారు. కావాల్సినప్పుడు మళ్లీ వెళ్లి తెచ్చుకుంటారు. గంటకోసారి వెళ్లొస్తే ఇబ్బంది లేదు. కానీ డెస్కు మరీ చిన్నదై, ఒక లైను ఈ పుస్తకంలో, ఒక లైను ఆ పుస్తకంలో చదవాల్సి వస్తే? రాత్రంతా డార్మిటరీకి, స్టడీ హాలుకు మధ్య తిరగడమే సరిపోతుంది. చదువు సాగదు. తిరిగేవాడు సోమరీ కాదు, మొద్దూ కాదు.

కంప్యూటర్ చేసేదీ అదే. మెమరీని పేజీలుగా విడగొట్టుకుంటుంది. మన కంప్యూటర్లలో ఒక్కో పేజీ 4 కిలోబైట్లు. 2 జీబీ ర్యామ్ అంటే 5,24,288 పేజీలు. వినడానికి ఎక్కువే, ఈనాటి బ్రౌజర్‌కు నాలుగు ట్యాబులతో సరి. ర్యామ్ నుంచి ఒక అంశం తేవడానికి సెకనులో కోటో వంతు పడితే, తిరిగే పళ్లెం ఉన్న హార్డ్ డిస్కు నుంచి తేవడానికి సుమారు నూరో వంతు పడుతుంది. అంటే లక్ష రెట్లు. డెస్కు మీది పుస్తకం అందుకోవడానికి ఒక సెకను అనుకుంటే, పెట్టెలోని పుస్తకానికి ఒక రోజు దాటుతుంది. పాపం, దాన్ని మొద్దు అన్నాం.

ఈ ఉపాయం లేమిలోంచే పుట్టిందని తమ్ముళ్లు తెలుసుకోవాలి. ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్ విశ్వవిద్యాలయంలో టామ్ కిల్‌బర్న్ బృందం తయారుచేసిన అట్లాస్ కంప్యూటర్ 1962లో పని మొదలుపెట్టింది. అప్పట్లో ప్రపంచంలోని అతి శక్తివంతమైన యంత్రాల్లో అదొకటి. అయినా దాని కోర్ మెమరీ 16,384 పదాలే, ఎందుకంటే అది చాలా ఖరీదు. పక్కన 98,304 పదాలు పట్టే డ్రమ్ము ఉండేది. ఈ రెండింటినీ కలిపి ఒకే పెద్ద మెమరీలాగా ప్రోగ్రాం రాసేవాడికి కనిపించేలా చేశారు. తర్వాత 1968లో పీటర్ డెన్నింగ్ అనే శాస్త్రవేత్త పేజీల రాకపోకలతోనే యంత్రం సతమతమయ్యే స్థితికి కారణాలు వివరించాడు. దాని పేరు థ్రాషింగ్. ప్రోగ్రాంకు ఆ కాసేపట్లో నిజంగా అవసరమైన పేజీల గుంపు ఎంతో, కనీసం అంత చోటు దానికి ఉండాలన్నది ఆయన చెప్పిన సారాంశం. ఇది డెస్కు కొలతే కదా!

మేం ఏం చేశామంటే, ఇంటర్ తమ్ముళ్లు నలుగురిని వెంటబెట్టుకుని 3వ నంబరు కంప్యూటర్ ముందు కూర్చున్నాం. టెర్మినల్ తెరిచి వీఎంస్టాట్, పక్కన 5 అని కొట్టాం. ప్రతి 5 సెకన్లకూ ఒక వరుస అంకెలు రావడం మొదలైంది. తమ్ముళ్లు బెదిరారు. ఇన్ని అంకెల్లో ఏది చూడాలన్నా అని ఒకడు అడిగాడు. అన్నీ చూడక్కర్లేదు. మొదటి వరుసనైతే అసలు చూడొద్దు. అది కంప్యూటర్ ఆన్ చేసినప్పటినుంచీ సగటు. ఇప్పటి సంగతి రెండో వరుసనుంచే తెలుస్తుంది. సగటు చూసి మోసపోయిన ఇంజినీర్లు ఎందరో, అందులో మేమూ ఉన్నాం.

'ఆర్' అనే గడిలో ప్రాసెసర్ మీద నడుస్తున్నవీ, దానికోసం లైన్లో నిలబడినవీ ఎన్నో ఉంటుంది. మెస్ దగ్గర కంచాలు పట్టుకుని నిలబడ్డ లైను లాంటిది. ప్రాసెసర్‌లో ఎన్ని కోర్లున్నాయో అంతకంటే చాలా ఎక్కువగా, ఎప్పుడు చూసినా ఎక్కువగా ఉంటేనే చింత. 'బి' గడిలోవి డిస్కు కోసమో మరొక దానికోసమో ఆగిపోయినవి. 'ఎస్ఐ' అంటే స్వాప్ నుంచి లోపలికి వస్తున్నది, 'ఎస్ఓ' అంటే బయటికి పోతున్నది. చివర్న ప్రాసెసర్ కాలాన్ని నూటికి ఇన్ని వంతులని పంచి చూపిస్తుంది. అందులో 'డబ్ల్యూఏ' అంటే డిస్కు కోసం ఎదురుచూస్తూ ఊరికే కూర్చున్న కాలం.

ఖాళీగా ఉన్నప్పుడు అన్నీ సున్నాలే. అప్పుడు స్కాలర్‌షిప్ ఫారం, మెయిలు, మరో రెండు ట్యాబులు తెరిపించాం. 'ఎస్ఐ', 'ఎస్ఓ' గడుల్లో వేలకు వేలు కనిపించాయి. ఒక వరుస మాకు గుర్తుంది. 'బి' 4, 'డబ్ల్యూఏ' 73. ప్రోగ్రాంలు వాడుకున్న ప్రాసెసర్ కాలం నూటికి 6 మాత్రమే. అంటే మనం కండెమ్ చేద్దామనుకున్న ప్రాసెసర్ చేతులు కట్టుకుని కూర్చుని ఉంది, పని చెప్పేవాడు పెట్టె దగ్గరికి వెళ్లి రాలేదు కాబట్టి. కొత్త ప్రాసెసర్ తెచ్చి పెట్టినా అదీ అలాగే కూర్చునేది.

ఇక్కడ రెండు పొరపాట్లు చాలామంది చేస్తారు. మొదటిది 'ఫ్రీ' గడి చూసి గుండెలు బాదుకోవడం. లైనక్స్ ఖాళీ మెమరీని ఊరికే ఉంచదు. చదివిన ఫైళ్లను దాచుకోవడానికి వాడుకుంటుంది, అవసరమైతే వెంటనే వదిలేస్తుంది. అందుకే ఫ్రీ అనే కమాండ్ కొట్టినప్పుడు చివరన వచ్చే 'అవైలబుల్' అంకె చూడాలి. రెండోది 'ఎస్‌డబ్ల్యూపీడీ' గడిలో ఏదో అంకె ఉందని కంగారుపడటం. పాత పుస్తకం పెట్టెలో పడి ఉంటే నష్టమేమిటి? తిరుగుడు ఉందా లేదా అన్నదే ప్రశ్న. అది చెప్పేవి 'ఎస్ఐ', 'ఎస్ఓ' గడులే.

ఎనిమిదింటినీ ఇలా చూశాక 5 కంప్యూటర్లకు ర్యామ్ చాలడం లేదని తేలింది. సెకండ్‌హ్యాండ్ డీడీఆర్ 3 ర్యామ్ వేయించాం. వాటిలో రెండింటికి ర్యామ్ దొరికేదాకా జెడ్‌ర్యామ్ పెట్టాం. అంటే పేజీలను డిస్కుకు పంపకుండా నొక్కి చిన్నవి చేసి ర్యామ్‌లోనే దాచడం. నొక్కడానికి ప్రాసెసర్ పని చేయాలి, అది ఎలాగూ ఖాళీగానే ఉంది కదా. 'ఎస్ఐ', 'ఎస్ఓ' అంకెలు అప్పుడూ కనిపించాయి కానీ 'డబ్ల్యూఏ' పడిపోయింది, పేజీ కదిలింది.

మా గొప్పలే చెప్పుకుంటే అబద్ధమవుతుంది. 5వ నంబరు దగ్గర మేమూ అదే తప్పు చేశాం. నాలుగింటికి మెమరీయే కారణం కాబట్టి దీనికీ అదే అని, సరిగా చూడకుండా ర్యామ్ కొని వేశాం. రవ్వంత మార్పు లేదు. అప్పుడు కూర్చుని చూస్తే 'డబ్ల్యూఏ' ఎక్కువే గానీ 'ఎస్ఐ', 'ఎస్ఓ' సున్నాలు. డీమెసేజ్ కమాండ్ కొడితే డిస్కు చదవలేకపోతున్నానని కెర్నల్ ఎన్నాళ్లనుంచో మొరపెట్టుకుంటోంది. చిన్న ఎస్ఎస్‌డీ వేశాం. తీసిన ర్యామ్ మరొకదానికి పనికొచ్చింది కాబట్టి సరిపోయింది. 7వ నంబరులో ప్రాసెసర్ కాలం నూటికి తొంభై పైన, 'ఆర్' గడిలో ఎప్పుడూ లైను. మూత విప్పితే ఫ్యాన్ రెక్కల నిండా దుమ్ము, సగమే తిరుగుతోంది. వేడెక్కి ప్రాసెసర్ తన వేగం తానే తగ్గించుకుంటోంది. దుమ్ము సంగతి వీఎంస్టాట్ చెప్పదు, ఎక్కడ వెతకాలో మాత్రం చెప్పింది. 8వది నిజంగానే పోయింది. దాన్ని కండెమ్ చేయడానికి మాకు అభ్యంతరం లేదు.

ఒకరిద్దరు పెద్దలు ఇప్పటికీ ఒప్పుకోవడం లేదు. ఇలా ఎన్నాళ్లు అతుకులు వేస్తారు, వెబ్ పేజీలు ఏటేటా బరువెక్కుతుంటే ఈ ర్యామ్ కూడా చాలదు కదా అంటున్నారు. ఆ మాటలో నిజముంది. కొత్తవి కావాలి, అడగాలి, గట్టిగానే అడగాలి. కానీ అడిగేటప్పుడు 'పాతవైపోయాయి' అని కాగితం పెడితే ఒక జవాబు వస్తుంది, ఏ తేదీన ఎంతమంది కూర్చుంటే ఏ అంకె ఎంతకు చేరిందో రాసి పెడితే మరో జవాబు వస్తుంది. నల్ల తెర ఇంగ్లీషు మన పిల్లలకెందుకు, మౌస్‌తో నేర్పితే చాలదా అన్నవారితో మాత్రం మేం ఏకీభవించం. ఆ తెర మీద వచ్చేవి ఎక్కువ భాగం అంకెలు, రెండు మూడు అక్షరాల పేర్లు. వారం తిరిగేలోపు ఇంటర్ తమ్ముళ్లు మాకంటే ముందే 'అన్నా, తిరుగుడు మొదలైంది' అని చెప్పసాగారు.

ఒక్క విషయంలో తమ్ముళ్ల మీద కూడా మాకు ఫిర్యాదు ఉంది. అది రీస్టార్ట్. మా రోజుల్లో జ్వరమొచ్చినా కడుపునొప్పి వచ్చినా ఒకే తెల్లబిళ్ల ఇచ్చేవారు. రీస్టార్ట్ అలాంటిదే. తగ్గినట్టే ఉంటుంది, ఆ క్షణంలో లోపల ఏం జరుగుతోందో చూసే వీలు మాత్రం పోతుంది. బిగుసుకుంటున్నట్టు అనిపించగానే ఒక్క నిమిషం ఓపిక పట్టి, ఆరు వరుసలు రానిచ్చి, రాసుకుని ఆ తర్వాత ఏదైనా చేయండి. అసలు టెర్మినల్ కూడా తెరుచుకోనంతగా బిగుసుకుంటే వేరే దారి లేదు, అది మాకూ తెలుసు. అందుకే ఫారాల రోజుల్లో టెర్మినల్ ముందే తెరిచి ఒక మూల పెట్టుకోవాలి.

రాసుకోవడానికి గది తలుపు దగ్గర మేకుకు ఒక లాంగ్ నోట్‌బుక్ కట్టి ఉంచాం. తేదీ, సమయం, కంప్యూటర్ నంబరు, ఎంతమంది ఉన్నారు, 'ఆర్', 'బి', 'ఎస్ఐ', 'ఎస్ఓ', 'డబ్ల్యూఏ'. బాగా నడిచే రోజున కూడా రాయాలి, లేకపోతే బాగాలేని రోజును దేనితో పోల్చుతాం? ప్రస్తుతం అందులో 11 పేజీలు నిండాయి. రెండు పేజీల్లో ఎవరో క్రికెట్ స్కోరు రాశారు. రెన్యూవల్ ఫారాలు మళ్లీ మొదలయ్యేలోపు 7వ నంబరుకు కొత్త ఫ్యాన్ తెస్తామని మాలో ఒకరు ఒప్పుకున్నారు. ఆ రోజు మూత బిగించే ముందొకసారి, బిగించాక ఒకసారి అంకెలు రాయించే బాధ్యత ఇంటర్ రెండో సంవత్సరం తమ్ముళ్లది. మొదటి ఫారం నింపడానికి ఆ రెండో ఏడాది తమ్ముణ్ని పిలిచాం. ఇంకా జవాబు చెప్పలేదు.