కౌమారంలో మధుమేహం – సెల్‌ఫోన్ సందేశాలు

టైప్-1 మధుమేహం ఉన్న పిల్లలకు కౌమారం అత్యంత కఠినమైన దశ. ఎదుగుదల హార్మోన్ల వలన శరీరంలో ఇన్సులిన్ ప్రభావం తగ్గుతుంది. మోతాదు పెంచవలసి వస్తుంది. సరిగ్గా అప్పుడే చికిత్స బాధ్యత తల్లి చేతిలో నుండి పిల్లవాడి చేతికి మారుతుంది. కొన్ని నెలలకొకసారి వైద్యుని ఎదుట గడిపే పది నిమిషాలు ఇందుకు చాలవు. ఆ వెలితిని ఫోన్ సందేశాలు తీర్చగలవా?

స్కాట్లాండ్‌లోని డండీ వైద్యులు దీనిని పరీక్షించి చూశారు. 'స్వీట్ టాక్' అనే ఆ అధ్యయనం 2006లో ప్రచురితమైంది. 8 నుండి 18 ఏళ్ల లోపు 92 మందిని మూడు జట్లుగా విభజించారు. పిల్లలు ఎంచుకున్న లక్ష్యానికి తగినట్లుగా సందేశాలు పంపారు. పాత పద్ధతి ఇన్సులిన్ మాత్రమే పొందినవారిలో హెచ్‌బీఏ1సీ 10.3 శాతం, దానికి సందేశాలు తోడైనవారిలో 10.1. అంటే తేడా లేనట్లే! రోజుకు పలుమార్లు ఇన్సులిన్ ఇచ్చే పద్ధతినీ సందేశాలనూ కలిపి అందించిన జట్టులో మాత్రం అది 9.2కు తగ్గింది. ఇందులో ఇన్సులిన్ వాటా ఎంత, సందేశాల వాటా ఎంత అన్నది ఆ అధ్యయనం విడదీసి చెప్పలేదు. అయితే సందేశాలు అందుకున్న పిల్లలలో 'నా జబ్బును నేను చూసుకోగలను' అనే నమ్మకం పెరిగింది. నా దృష్టిలో అది చిన్న ఫలితం కాదు.

కాబట్టి సరైన చికిత్స లేనిచోట సందేశం వలన పెద్దగా ఒరిగేదేమీ లేదు. మరొక మాట. సందేశం ఆరాగా మారకూడదు. 'షుగర్ ఎంత? ఎందుకు పెరిగింది?' అని గంటగంటకూ నిలదీస్తే, పిల్లలు పుస్తకంలో తమకు తోచిన అంకెలు వేసి చూపిస్తారు; మధుమేహ వైద్యులందరికీ ఇది పరిచితమే. ఏ సమయంలో, ఏ విషయమై గుర్తుచేయాలో మీ అబ్బాయినో అమ్మాయినో నిర్ణయించుకోనివ్వండి.

అత్యవసర స్థితిలో మాత్రం సందేశం పంపి జవాబు కోసం వేచి ఉండరాదు. షుగర్ 70 కంటె తగ్గితే వెంటనే మూడు చెంచాల గ్లూకోజ్ తీసుకోవాలి. షుగర్ బాగా పెరిగి వాంతులు, ఆయాసం మొదలైతే తక్షణం ఆసుపత్రికి వెళ్లాలి.

మన ఇంటర్మీడియట్ హాస్టళ్లు అనేకం ఫోన్‌ను అనుమతించవు. చదువు పేరిట పెట్టిన ఆ నియమాన్ని ఈ పిల్లలకు కూడా వర్తింపజేయడం అన్యాయమని నా అభిప్రాయం. చేర్పించే ముందే, వైద్యుని లేఖతో ప్రిన్సిపాల్‌ను కలిసి మినహాయింపు కోరండి. గ్లూకోమీటరు, ఇన్సులిన్, గ్లూకోజ్ పొట్లం తరగతి గదిలోనూ పిల్లల వద్దనే ఉండేలా వ్రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి.