తెర మీద వైద్యుడు – ప్రక్కన పరిచారకుడు

వృద్ధాశ్రమాలలో వీడియో ద్వారా వైద్యుని సంప్రదించే పద్ధతి క్రమంగా వ్యాపిస్తున్నది. శయ్య దిగలేని వృద్ధులకు ఆసుపత్రి ప్రయాణమే ఒక వ్యాధి. ఆ క్లేశాన్ని నివారించే సాధనాన్ని నిందించడం ధర్మం కాదు. దాని పరిమితిని విస్మరించడం వివేకమూ కాదు.

రోగిని దర్శన, స్పర్శన, ప్రశ్నములచే పరీక్షించాలని వాగ్భటాచార్యుడు అష్టాంగహృదయంలో విధించాడు. తెర దర్శనాన్ని కొంతవరకు, ప్రశ్నను చాలావరకు నిలుపుతుంది. స్పర్శ మాత్రం దానికి అందదు. పాదాల వాపును నొక్కి చూడడం, నాడిని పట్టుకోవడం ప్రక్కనున్న పరిచారకుని వంతు అవుతుంది.

వైద్యుడు, ఔషధం, పరిచారకుడు, రోగి – ఈ నలుగురినీ చికిత్సకు నాలుగు పాదాలుగా చరకసంహిత పేర్కొన్నది. పరిచారకునికి ఉపచారజ్ఞానం, దక్షత, అనురాగం, శౌచం ఉండాలన్నది. యంత్రాన్ని కొని పరిచారకునికి శిక్షణ ఇవ్వని ఆశ్రమం చికిత్సను కుంటుపరచినట్లే.

ఇక నాల్గవ పాదమైన రోగి మాట. సంరక్షకులే సంప్రదింపును ప్రారంభించినప్పుడు రోగి స్పష్టమైన సమ్మతి తీసుకోవాలని 2020 నాటి భారత టెలిమెడిసిన్ మార్గదర్శకాలు నిర్దేశించాయి. కాని ప్రశ్న తెర నుండి, సమాధానం సిబ్బంది నుండి వస్తే, వృద్ధులు తమ దేహానికే మౌనసాక్షులుగా మిగిలిపోతారు. వేదాంతం చెప్పే సాక్షిభావం జ్ఞానఫలం. ఇతరులు బలవంతంగా అంటగట్టిన మౌనం అవమానం.

వినికిడి తగ్గినవారికి వైద్యుని ప్రశ్నను చెవి దగ్గర మరల చెప్పి, వారి నోటి మాట కోసం ఓర్పుతో వేచి ఉండడం – అక్కడ అవసరమైన సేవ అదే.