చెప్పారు సరే, తెలిసిందా?

"నోటీసు అంటించాం, ఇంకేం చెయ్యాలి?" అని మన ఆఫీసుల వారు తరచు అంటుంటారు. చెప్పడంతోనే పని తీరిపోయిందని వారి నమ్మకం. అవతలి మనిషికి ఆ మాట చేరిందా లేదా అని కనుక్కునే ఆనవాయితీ మాత్రం కౌంటర్ల దగ్గర కనిపించదు.

మల్కాజ్‌గిరి సంగతే చూద్దాం. రైల్వే కొలువుల వల్ల, చుట్టుపక్కల మిలటరీ ఉండటం వల్ల ఇక్కడ తెలుగు, ఉర్దూలతో పాటు తమిళం, మలయాళం, మరాఠీ మాట్లాడే ఇళ్లూ ఉన్నాయి. తెలుగును అధికార భాష చేస్తూ 1966లో చట్టం వచ్చింది. 2017లో ఉర్దూకు రెండవ అధికార భాష హోదా దక్కింది. అయినా చాలా కాగితాలు ఇంగ్లీషులోనే వస్తున్నాయి. తెలుగులో వచ్చేది ఒక్కోసారి ఇంగ్లీషు కన్నా గట్టిగా ఉంటుంది! చనిపోయిన వారి భూమిని వారసుల పేరున మార్చడాన్ని మన జిల్లా పల్లెల్లో 'విరాసత్' అంటారు. చదువురాని ముసలివారికీ తెలిసిన మాట అది. 2020లో ధరణి వచ్చాక వారు 'సక్సెషన్' అనడం నేర్చుకోవలసి వచ్చింది. ఎవరి కోసం?

అడ్డం భాష ఒక్కటే కాదు. "సమజైందా పెద్దమ్మా?" అని గుమాస్తా అడుగుతాడు. వెనుక ఇరవై మంది లైనులో నిలబడి ఉండగా "కాలే బిడ్డా" అని ఆమె అనగలదా? "అయింది సార్" అని తల ఊపి బయటకు వస్తుంది. టీ కొట్టు దగ్గర దళారీ ఎదురవుతాడు. అర్థం కాని కాగితమే అతని పెట్టుబడి.

రైల్వే వారి పద్ధతి వేరు. సిగ్నలుతో ఇంటర్‌లాకింగ్ లేని గేటు వద్ద, బండి వస్తున్నదని స్టేషను మాస్టరు ఫోనులో చెప్పి ఊరుకోడు. గేటు మూశాక గేట్‌మన్ తన దగ్గరున్న ప్రైవేటు నంబరు ఒకటి తిరిగి చెప్పాలి, అది రిజిస్టరులో ఎక్కాలి. జవాబు రానిదే మాట చేరినట్లు లెక్కలేదు.

కౌంటరు దగ్గరా ఇంతే చేయవచ్చు. "సమజైందా?" అనేబదులు "ఏమేం తెస్తవు, ఎప్పుడొస్తవు, చెప్పు పెద్దమ్మా" అని అడిగితే చాలు. టైము చాలదంటారు కాబోలు. అదే మనిషి అదే పనికి మూడుసార్లు వస్తే పోయే టైము ఎవరిది? ఇక నోటీసును గోడకు అంటించే ముందు ఆఫీసు అటెండరుకు ఒకసారి చదివి వినిపించాలి. అందులో ఏముందో అతను తిరిగి చెప్పలేకపోతే దాన్ని మళ్లీ రాయాలి.