గుంటలోకి తొంగి చూసేదెవరు?

మా సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల్లో ఇల్లు కట్టేవాళ్ళు ఎలివేషన్ కోసం వంద ఫోటోలు చూస్తారు. టైల్స్ కోసం హైదరాబాద్ దాకా పోతారు. పిల్లర్ గుంటల దగ్గరికొచ్చేసరికి మాత్రం "ఐదడుగులు చాలు సార్" అని మేస్త్రి అనగానే తలూపేస్తారు.

ఈ ఐదడుగుల లెక్క ఎక్కడిదండీ? పక్కింటాయన అంతే తవ్వాడట! ఆయన కింద ఎర్రమట్టి ఉండొచ్చు, మీ కింద నల్లరేగడి ఉండొచ్చు. సాగర్ ఎడమకాలువ కింద వరి పండిన మళ్ళు ఎన్ని ప్లాట్లయ్యాయో మనకి తెలీదా? నల్లరేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలిస్తుంది. "ఇంత మేడ బరువుని మట్టి కదిలిస్తుందా?" అనకండి. మేడ సంగతి అటుంచి పోర్టికో, మెట్లు, ప్రహరీ చూడండి. తేలికైనవాటినే మట్టి ముందు లేపుతుంది. మనం తక్కువ లోతు తవ్వేది కూడా సరిగ్గా వాటికే.

అమెరికాలో మనవాళ్ళు పెరట్లో చెక్క డెక్ కట్టుకుంటే, చాలా ఊళ్ళలో ఇన్‌స్పెక్టరు వచ్చి గుంట లోతు చూశాకే కాంక్రీటు పోయాలి. చలిదేశాల్లో నేలలో నీరు గడ్డకట్టి ఉబ్బుతుంది, ఇక్కడ రేగడి ఉబ్బుతుంది. రెండుచోట్లా సూత్రం ఒక్కటే, కదలని నేల దాకా దిగాలి. రేగడి మరీ లోతుగా ఉంటే అండర్ రీమ్డ్ పైల్స్ వేయమని రూర్కీలోని సీబీఆర్ఐ దశాబ్దాల కిందటే చెప్పింది.

ఇక మాలు సంగతి. ఐఎస్ 456:2000 ప్రకారం నామినల్ మిక్స్ ఎం20 అయితే 50 కిలోల బస్తాకి నీళ్ళు 30 లీటర్లు మించకూడదు. మన దగ్గర కొలత పైపే! ఫుటింగు ఇనుముకి 50 మిల్లీమీటర్ల కవర్ ఉండాలి. మనోళ్ళు జాలీ కింద దొరికిన కంకరరాయి పెడతారు. పీపీసీ సిమెంటైతే కనీసం 10 రోజులు తడపాలి, మనం మర్నాడే మట్టి కప్పేస్తాం. పక్కనే మేళ్ళచెరువులో సిమెంటు తయారుచేస్తూ మనం చేసే నిర్వాకమిది.

"ప్లాన్ మీద ఇంజనీరు సంతకం ఉందిగా" అంటారు. సంతకం కాగితం మీదుంది, గుంటలో లేదు. 2020 నాటి టీఎస్ బీపాస్ చట్టం చిన్న ఇళ్ళకి సొంత ధ్రువీకరణ మీద అనుమతిచ్చింది. మంచిదే, కానీ ధ్రువీకరించేవాడు చూడాలి కదా?

అందుకే నేననేది, టేపు పెట్టి తీసిన ప్రతి గుంట ఫోటో మున్సిపాలిటీకి ఇచ్చాకే కాంక్రీటు పోయాలన్న నిబంధన రావాలి. కోడ్ రాసే మా ఆఫీసుల్లోనే ఇంకొకరు చూడందే ఒక్క లైను బయటికి పోదు. మా తప్పుని మర్నాడు దిద్దుకోవచ్చు. పూడ్చేసిన ఫుటింగుని ఎలా దిద్దుతారు?

చాదస్తమంటే అనండి. కాంక్రీటు పోసేరోజు మాత్రం సెలవు పెట్టి గుంట దగ్గర నిలబడండి.