ఇంపోర్టెడ్ స్టెంట్ సరే, తీగ మందమెంతో చెప్పుండ్రి

‘ఇంపోర్టెడ్ వేద్దామా, ఇండియాది వేద్దామా?’ గుండె రక్తనాళం మూసుకపోయిన మనిషి లోపల బల్ల మీద ఉంటడు, బయట ఇంటోళ్లను ఇట్ల అడుగుతరు. వాళ్లకేం ఎరుక? పిరమైంది మంచిదే అయ్యుంటదనుకుంటరు. ఈ భయం మీదనే ఏండ్లకేండ్లు యాపారం నడిచింది.

బీరేందర్ సాంగ్వాన్ అనే లాయరు ఢిల్లీ హైకోర్టుకు ఎక్కి కొట్లాడినంక, 2017 ఫిబ్రవరిల ధరల సంస్థ ఎన్‌పీపీఏ మందు పూత స్టెంట్ 29,600 రూపాయలకు మించొద్దన్నది. అంతకుముందు అదే సరుకు లక్ష దాటించి అమ్మిన్రు. అప్పటిసంది కంపెనీలది ఒకటే పాట: మా డిజైన్ వేరు, మాకు వేరే రేటు కావాలె. సరే, ఆ డిజైన్ సంగతే చూద్దాం.

స్టెంట్ అంటే సన్నటి జాలి గొట్టం. బెలూన్ మీద ముడుచుకొని నాళంలకు పోతది, బెలూన్ ఉబ్బితే విచ్చుకుంటది. బెలూన్ తీసినంక మళ్ల ముడుచుకోవద్దు. దినానికి లక్ష సార్లు కొట్టుకునే గుండె మీద ఇరగొద్దు. గట్టిగుండాలంటే జాలి తీగ దొడ్డుగుండాలె. కని దొడ్డు తీగ రక్తం పారకానికి అడ్డం పడ్తది, దాని మీద కండ పెరిగి నాళం మళ్ల ఇరుకైతది. ఇంజినీర్ల తండ్లాటంత ఈ పేచీలనే ఉన్నది. మందు లేని స్టెంట్ల మీద జర్మనీ డాక్టర్లు చేసిన ఐసార్-స్టీరియో పరీక్ష ఫలితం 2001ల వచ్చింది. డిజైన్ దాదాపు ఒక్కటే. తీగ 50 మైక్రాన్లుంటే నూటికి 15 మందికి, 140 ఉంటే దగ్గర దగ్గర 26 మందికి నాళం మళ్ల ఇరుకైంది. మైక్రాన్ అంటే మిల్లీమీటర్ల వెయ్యో వంతు!

కండ పెరగకుండ సిరోలిమస్ మందు పూసిన తొలి స్టెంట్ సైఫర్. దాని స్టీలు తీగ సుత 140 మైక్రాన్లే. స్టీలు కన్న గట్టిదైన కోబాల్ట్-క్రోమియం వాడినంక అమెరికా కంపెనీ అబాట్ వాళ్ల జైయెన్స్‌ల అది 81కి దిగింది. సూరత్ కంపెనీ సుప్రాఫ్లెక్స్‌ల 60. యూరప్‌ల 1,435 మంది మీద ఈ రెండిటిని పోల్చిన్రు. సూరత్‌ది ఏం తక్కువ కాదని తేలింది, 2019ల లాన్సెట్ పత్రిక అచ్చేసింది. ఆ కంపెనీ ఇప్పుడు మన సంగారెడ్డి జిల్లా సుల్తాన్‌పూర్‌ల సుత ఫ్యాక్టరీ పెట్టింది.

ఇగ, అన్నిటికన్న కొత్త డిజైనని అబాటోళ్లు తెచ్చిన అబ్సార్బ్ ముచ్చట. కరిగిపోయే ప్లాస్టిక్ స్టెంట్ అది. ప్లాస్టిక్‌కు లోహమంత బలం లేదు, అందుకే తీగ మందం 150 మైక్రాన్లు దాటించిన్రు. గడ్డలు కట్టుడు ఎక్కువున్నదని పరీక్షలల్ల బయటపడ్డది. 2017 సెప్టెంబర్‌ల దునియా మొత్తం అమ్మకం బంద్ పెట్టిన్రు. కొత్తదని వేరే రేటు ఇచ్చుంటే ఆ పైసలు ఎవల జేబుల నుంచి పోవు?

స్టెంట్లన్నీ ఒక్కటేనని నేనంట లేను. నాళం సైజును బట్టి, అది చీలే కాడ వేసేదాన్ని బట్టి ఎంపిక మారుతది. అది డాక్టర్ ఇడమరిచి చెప్పాలె. ‘ఇంపోర్టెడ్’ అన్న ఒక్క మాట చెప్పుడు కాదు.

2025 ఏప్రిల్‌ల పెట్టిన గరిష్ఠ ధర, పన్ను గాక, 38,933 రూపాయలు. స్టెంట్ ధర, బ్రాండ్, కంపెనీ, బ్యాచ్ నంబర్ బిల్లుల వేరుగ రాయాలన్నది 2017 నుంచే ఉన్న రూలు. ‘ప్యాకేజీ’ అని ఒక్క లైన్ రాసిస్తే తీసుకోకుండ్రి. ఆ కింద బెలూన్, క్యాథెటర్, గైడ్‌వైర్ ఎన్ని వాడిన్రో సుత అడుగుండ్రి, ఎందుకంటే వాటికి స్టెంట్‌కు ఉన్నసొంటి గరిష్ఠ ధర ఇంకా పెట్టలే.