వంగ పువ్వుకు తుమ్మెదే దిక్కు

నాచారంలో మిద్దె తోట వేసినవాళ్లను కదిలిస్తే చాలు, ఒకటే మాట... పూత బోలెడు, కాయలే లేవు! వెంటనే ఎవరో ఒకరు సలహా ఇచ్చేస్తారు: ‘ఓ తేనెటీగల పెట్టె తెచ్చి పెట్టుకోండి’.

సలహా మంచిదే. కానీ ఏ పంటకి?

పెట్టెల్లో పెంచేది ఎక్కువగా ఇటాలియన్ తేనెటీగ. 1962లో నగ్రోటా బగవాన్‌లో మనదేశంలో నిలదొక్కుకుంది. 1990ల మొదట్లో శాక్‌బ్రూడ్ వైరస్ సోకి దక్షిణాదిలో దేశవాళీ తేనెటీగల పెట్టెలు ఖాళీ అవడంతో దీనికి గిరాకీ పెరిగింది. తేనె ఎక్కువిస్తుంది, పెట్టెతో సహా ఎక్కడికైనా తీసుకెళ్లొచ్చు. పొద్దుతిరుగుడు రైతుకు అది వరమే.

వంకాయ సంగతి వేరు. ఆ ఊదారంగు పువ్వును దగ్గరగా చూడండి. మధ్యలో పసుపు గొట్టాలుంటాయి. పుప్పొడి వాటి లోపల, దారి కొసన చిన్న రంధ్రం. పువ్వు గట్టిగా అదిరితేగానీ అది సరిగా రాలదు. పైగా అందులో తేనే ఉండదు! తేనెటీగకు ఆ అదరగొట్టే విద్య రాదు. తుమ్మెదకు వచ్చు. పువ్వును పట్టుకుని ఒంట్లో కండరాలు బిగించి జుమ్మంటుంది, పుప్పొడి జలజలా రాలుతుంది. పొట్టమీద నీలి చారలుండే చిన్న ఈగదీ ఇదే పద్ధతి. గాలికీ కొంత కాపు వస్తుంది కానీ, ఇవి వాలిన చెట్టు కాపే వేరు. టమాటాకూ అంతే.

మరి ఇవి ఉండేదెక్కడ? ఎండుకొయ్యలో, వెదురులో, వట్టి నేలలో. ఉప్పల్ భగాయత్ పేరులోనే తోటలున్నాయి, ఇప్పుడక్కడ ప్లాట్లు. ఇళ్ల ముందు జానెడు మట్టి కూడా మిగల్చకుండా సిమెంటు పోస్తున్నాం. గులాబీ ఆకు అంచున గుండ్రంగా కత్తిరించినట్టుంటే పురుగనుకుని మందు కొడతాం. అది గూడు కోసం ఆకు కోసుకెళ్లే ఈగ. కంది పూలమీద వాలేవాటిలో అదీ ఒకటి.

పూలు తక్కువున్న చోట పెట్టె పెడితే ఇంకో చిక్కు. వేల తేనెటీగలు ఒక్కసారిగా ఎగబడితే ఈ ఒంటరి జీవులకు మిగిలేదెంత? అందుకే మిద్దెమీదికి పెట్టెకన్నా ఎండు వెదురుముక్కలు మేలు. కట్టగట్టి వాన తగలని మూల ఉంచండి. వెదురుకు గుండ్రని రంధ్రం, కింద రంపపు పొట్టు కనిపిస్తే తుమ్మెద కాపురం పెట్టినట్టే. ద్వారబంధానికి పెడితే మాత్రం... కాస్త కోపం రావడం సహజమే!