కొనుగోలుదారు బస ఖర్చు ఎవరి ఖాతాలో?

మిర్చి సీజను వచ్చిందంటే గుంటూరు లాడ్జీలలో గదులకు గిరాకీ హెచ్చుతుంది. యార్డుకు సరుకు రాక జోరుగా వుండే రోజులలో పై రాష్ట్రాల కొనుగోలుదారులు, వారి గుమాస్తాలు సాయంత్రపు రైళ్లలో దిగి, రాత్రి బస చేసి, మర్నాడు కొనుగోళ్లు ముగించుకొని తిరిగి వెళ్లడం ఆనవాయితీ. సరుకు రాక గురించి, ధరవరల గురించి, ఎగుమతుల గురించి వ్యాపార వర్గాలలో ఎంతో చర్చ జరుగుతుంది గాని, ఈ ఒక్క రాత్రి బసను ఎవరూ పట్టించుకోరు. అయితే మర్నాడు యార్డులో పలికే ధరకూ, ముందు రాత్రి గది అద్దె చెల్లించిన చేతికీ సంబంధం లేకపోలేదు. ఇది ఒక్క గుంటూరు మాటే కాదు. నిజామాబాదు పసుపుకైనా, ఆదోని పత్తికైనా, అనకాపల్లి బెల్లానికైనా ఇదే వర్తిస్తుంది.

అసలు ఈ బస అవసరమా అన్న ప్రశ్న ఈనాడు తలెత్తడం సహజం. ఒకప్పుడు పొరుగూరి వర్తకునికి లాడ్జి కౌంటరు మీది ఫోనే ఆధారం. ట్రంకు కాల్ బుక్ చేసి, లైను కలిసేదాకా అక్కడే కూర్చొని, సొంత ఊరి దుకాణానికి ధర చెప్పి ఆర్డరు తెచ్చుకొనేవారు. లైను కలవకపోతే తంతి ఇచ్చేవారు. ఆ తంతి సేవ 2013 జులైలో ముగిసింది. మార్కెట్ యార్డులను కలిపే ఈ-నామ్ 2016 ఏప్రిల్ 14న ప్రారంభమయింది. నెఫ్ట్ ద్వారా 2019 డిసెంబరు 16 నుంచి, ఆర్.టి.జి.ఎస్. ద్వారా 2020 డిసెంబరు 14 నుంచి రేయింబవళ్లు, సెలవు దినాలలో సైతం డబ్బు పంపే వీలు కలిగింది. నోట్ల సంచి తలగడ కింద పెట్టుకొని కునుకు పట్టక తెల్లవార్లూ కాపలా కాసే రోజులు పోయాయి. ధర కబురు కోసం గాని, చెల్లింపు కోసం గాని ఎవరూ రైలెక్కి రానక్కరలేదు.

అయినా వస్తున్నారంటే సరుకును కళ్లతో చూసుకోవడానికే. ఫోనులో వచ్చే ఫొటో ఎరుపును చూపుతుంది గాని తేమను చూపదు. కాయను గుప్పిట పట్టి నలిపితే గింజ మోత చెబుతుంది, తొడిమ విరుపు చెబుతుంది. టిక్కీ పైవరసలో వున్న రంగు అడుగున వున్నదా, తాలు ఎంత కలిసింది, కొత్త కోతా లేక కోల్డు స్టోరేజి నుంచి బయటకు తీసిన ఏసీ సరుకా అన్నది మచ్చు చూసిన చేతికే తెలుస్తుంది. ఆ చూపు పొద్దున్నే, బేరం మొదలు కాకముందే పడాలి. అప్పటికి ఊళ్లో వుండాలంటే ముందు రాత్రి బస తప్పదు.

లెక్క వేసి చూసినా బస దండగ కాదు. ఉదాహరణకు టిక్కీ ఒక్కింటికి 45 కిలోల వంతున 200 టిక్కీలు కొన్న వర్తకునికి 90 క్వింటాళ్ల సరుకు చేరుతుంది. గదికి 900, భోజన ఫలహారాలకు 500, రానూపోనూ ఖర్చులకు 2,200 అనుకొంటే మొత్తం 3,600 రూపాయలు. అనగా క్వింటాలుకు 40 రూపాయలు. చూడకుండా కొని నాణ్యతలో క్వింటాలుకు 100 రూపాయలు మోసపోతే నష్టం 9,000. కనుక రాత్రి బస విలాసం కాదు, వర్తకపు పెట్టుబడిలో భాగమే. భాగమయినప్పుడు దానిని ఎవరు పెట్టాలన్నదే ప్రశ్న.

పెద్ద యార్డులు వున్న పట్టణాలలో కొనుగోలుదారుకు గది ఏర్పాటు చేసి, అద్దె సైతం తామే చెల్లించే కమిషన్ ఏజెంట్లు కొందరు వుంటారు. స్టేషనుకు మనిషిని పంపడం, మంచి గది ముందుగా చెప్పి వుంచడం, రాత్రి భోజనానికి తీసుకువెళ్లడం మర్యాదగా చెల్లుతున్నాయి. ఇక్కడ ఒక విషయం గుర్తుంచుకోవలసి వుంది. కమిషన్ ఏజెంటు రైతు సరుకును అమ్మిపెట్టేవాడు. రైతు నుంచి కమిషన్ పుచ్చుకొని, రైతు తరఫున నాలుగు రూపాయలు ఎక్కువ పలికించవలసినవాడు. కొనుగోలుదారు బేరంలో ఎదుటి పక్షం. రైతు తరఫు మనిషి పెట్టిన గదిలో ఎదుటి పక్షం నిద్రచేసి లేస్తే, మర్నాడు ఇరువురి మధ్య గట్టి బేరం సాగుతుందని ఆశించడం కష్టం.

ఆ మొహమాటం రెండు వైపులా పనిచేస్తుంది. కొన్నవాడు మరో దుకాణంలో మంచి లాటు కనిపించినా, రాత్రి తిన్న ఉప్పుకు కట్టుబడి వచ్చిన దుకాణంలోనే తీసుకొంటాడు. అమ్మిపెట్టినవాడు వచ్చిన అతిథి చిన్నబుచ్చుకోకుండా ధర తేల్చేస్తాడు. రాత్రి లాడ్జి వరండాలో కుదిరిన మాటకు పొద్దున యార్డులో పడే పాట ముద్ర మాత్రమే అవుతుంది. టిక్కీల పక్కన కండువా పరచుకొని రాత్రంతా యార్డులోనే పడుకొన్న రైతుకు ఈ సంగతి తెలియదు. బహిరంగంగా, పోటీ మీద ధర తేలాలన్న ఉద్దేశంతోనే 1966 నాటి మార్కెట్ల చట్టం కింద యార్డులు నడుస్తున్నాయి. ఆ ఉద్దేశానికి 900 రూపాయల గది అద్దె అడ్డు రాకూడదు.

దీనికి ఏజెంట్ల వైపు నుంచి వచ్చే సమాధానాన్ని తోసిపుచ్చలేము. సరుకు అరువు మీద ఇవ్వవలసి వచ్చినప్పుడు కొనేవాని తీరు తెలుసుకోవాలి. భాష తెలియని పొరుగు రాష్ట్రపు వర్తకుడు నిండు సీజనులో గది దొరక్క తిరిగిపోతే పాటకు ఒక మనిషి తగ్గుతాడు, ఆ మేరకు రైతుకే నష్టం. వర్తకులు సత్రాలు కట్టించి బాటసారులను ఆదరించిన దేశంలో అతిథి మర్యాదను తప్పు పట్టడమేమిటని కూడా అనవచ్చు. ఇందులో నిజం వున్నది. అయితే సత్రం ఊరందరి పేరిట వుండేది. అందులో దిగినవాడు ఒక దుకాణానికి బాకీ పడేవాడు కాదు. గది చూపించడం వేరు, అద్దె కట్టడం వేరు. మొదటిది మర్యాద, రెండవది బయానా.

పన్ను నిబంధన సైతం ఈ అలవాటుకే దోహదం చేసేదిగా వున్నది. రోజుకు 1,000 రూపాయలు దాటని గదులపై 2022 జులై 18 వరకు జి.ఎస్.టి. లేదు. ఆనాటి నుంచి 12 శాతం పడింది. 2025 సెప్టెంబరు 22 నుంచి 7,500 రూపాయల వరకు గల గదులన్నింటికీ 5 శాతం చేశారు. 900 రూపాయల గదికి 108 రూపాయలుగా వున్న పన్ను 45 రూపాయలకు దిగింది. కాని లాడ్జి వున్న రాష్ట్రపు పన్నే బిల్లులో పడుతుంది కనుక, నాగపూరులో రిజిస్టరయిన వర్తకుడు గుంటూరులో కట్టిన ఈ పన్నును తన లెక్కలలో జమ చేసుకోలేడు. స్థానిక ఏజెంటు పేరిట బిల్లు తీసుకొంటే సరిపోతుంది గదా అన్న ఆలోచన అక్కడే పుడుతుంది. పొరుగు రాష్ట్రపు వర్తకుడు తన జి.ఎస్.టి. నంబరు ఇచ్చినప్పుడు ఆ పన్ను అతని ఖాతాకు చేరే విధంగా నిబంధన సవరించవలసినదిగా వర్తక సంఘాలు గట్టిగా కోరడం సమంజసం.

లాడ్జి యజమానుల ఇబ్బంది కూడా గమనించదగినదే. 5 శాతం రేటు కింద వారికి ఇన్‌పుట్ క్రెడిట్ లేదు. పరుపులకు, రంగులకు, మరమ్మతులకు కట్టిన పన్ను ఖర్చులోనే కలిసిపోతుంది. పన్ను 63 రూపాయలు తగ్గింది కనుక అద్దె కూడా అంత తగ్గాలని పట్టుబట్టడం న్యాయం కాదు. అయితే వారు చేయదగిన పని ఒకటున్నది. రాత్రి 9 గంటలకు దిగిన వర్తకుడు యార్డులో కాటాలు ముగించుకొని వచ్చేసరికి మధ్యాహ్నం దాటుతుంది. 12 గంటలకే గది ఖాళీ చేయాలన్న చోట అతనికి రెండు రోజుల అద్దె పడుతుంది. సీజను రోజులలోనైనా 24 గంటల పద్ధతి పాటించి, అద్దెల పట్టిక కౌంటరు వద్ద కట్టి, అడగకుండానే బిల్లు ఇచ్చే లాడ్జికి గదులు ఖాళీగా వుండవు.

యార్డు వర్తక సంఘాలు తమంతట తామే కొన్ని గదులు సీజనుకు మాట్లాడి వుంచి, వచ్చిన కొనుగోలుదారు ఎవరయినా వరుస క్రమంలో ఇచ్చి, అద్దె అతని వద్దనే వసూలు చేయడం అన్నిటికంటె మేలయిన మార్గం. మర్యాదకు లోటు వుండదు, ఒక దుకాణానికి కట్టుబడవలసిన అగత్యమూ వుండదు. అంతవరకు కొనుగోలుదారులు పాటించదగినది ఒక్కటే. గది తమ పేరిట, బిల్లు తమ పేరిట, చెల్లింపు తమ చేతి మీదుగా. క్వింటాలుకు 10 రూపాయలు పడే ఈ అద్దెను ఆదా చేసుకొన్నానని సంతోషించే వర్తకుడు, మర్నాడు నచ్చని లాటును కాదనలేకపోయిన క్షణంలో దానికి పదింతలు చెల్లిస్తున్నాడు.